కణ విభజన మీద ప్రాథమిక పరిశోధన వల్ల రోగికి ఒరిగేదేమిటి?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. ఈస్ట్‌లోనూ, సీ అర్చిన్ (ఒళ్లంతా ముళ్లుండే సముద్రజీవి) గుడ్లలోనూ కణం ఎలా రెండవుతుందో ఏళ్ల తరబడి చూస్తే జబ్బులకు ఏం ఉపయోగం? క్యాన్సర్ అంటే కణాలు వేగంగా విభజన చెందడమే కదా, విభజనను ఆపేస్తే సరిపోదా? ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఈ అంశం తీసుకుంటే ఎక్కడెక్కడ జాగ్రత్తపడాలి?

మొదటిదానికి సూటి జవాబు: ఉపయోగం ఉంది, డాక్టర్ రాసే మందుల చీటీ దాకా వచ్చేసింది కూడా. రొమ్ము క్యాన్సర్‌లో ఇప్పుడు వాడే పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్, అబెమాసిక్లిబ్ మూడూ ఆ ఈస్ట్, సీ అర్చిన్ పనులు వేసిన పునాది మీద వచ్చినవే. రెండోదానికి జవాబు "సరిపోదు". క్యాన్సర్‌లో అసలు గొడవ వేగంతో కాదు, ఆగాల్సిన చోట ఆగకపోవడంతో. మూడోది చివర్లో వివరంగా రాస్తాను. ప్రాజెక్టులు ఎక్కువగా చెడేది ఆలోచన దగ్గర కాదు, బెంచి మీద చిన్న చిన్న విషయాల దగ్గర.

ముందు వేగం సంగతి తేల్చేద్దాం. మన ఒంట్లో చురుగ్గా విభజన చెందేవి ఎముక మజ్జలో రక్తకణాలను పుట్టించే కణాలు, మూడు నుంచి ఐదు రోజుల్లో పేగు లోపలి పొరను కొత్తగా మార్చేసే కణాలు, జుట్టు కుదుళ్లలోని కణాలు. చాలా కణితులు వీటి దరిదాపుల్లోకి కూడా రావు. అందుకే విభజన చెందే ప్రతిదాన్నీ కొట్టే కీమో మందు ఇస్తే జుట్టు ఊడటం, నోటి పుళ్లు, విరేచనాలు, తెల్లకణాలు పడిపోవడం కనిపిస్తాయి. మజ్జ కణం ఎంత వేగంగా విభజన చెందినా ఆగమన్నప్పుడు ఆగుతుంది. క్యాన్సర్ కణం నెమ్మదిగా విభజన చెందినా ఆగదు.

ఆగమని ఎవరు చెబుతారు, కణం ఎక్కడ ఆగుతుంది అన్న సంగతి ఈస్ట్‌లోనే ముందు బయటపడింది. 1970ల మొదట్లో లీలాండ్ హార్ట్‌వెల్ మొగ్గ తొడిగే ఈస్ట్‌లో వేడికి దెబ్బతినే మ్యుటెంట్లను, అంటే ఏదో ఒక జన్యువు మారిపోయిన రకాలను, ఏరాడు. అవి 23 డిగ్రీల దగ్గర మామూలుగా పెరుగుతాయి. 36కి మార్చగానే ఒక్కో మ్యుటెంట్‌లో ఒక్కో ప్రొటీన్ పని మానేస్తుంది. ఈ ఈస్ట్‌తో ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే, మొగ్గ సైజు చూస్తే చాలు, కణం విభజనలో ఎంత దూరం వచ్చిందో తెలిసిపోతుంది. వేడి చేశాక కొన్ని గంటలకు స్లైడు మీద కణాలన్నీ ఒకే సైజు మొగ్గతో నిలబడిపోయి ఉంటే, పాడైన జన్యువు సరిగ్గా ఆ మెట్టుకు కావలసినదని అర్థం. అసలు మొగ్గే తొడగకుండా ఆగిన రకంలో దొరికింది సీడీసీ28 అనే జన్యువు. విభజన మొదలుపెట్టాలా వద్దా అన్న నిర్ణయం దానిదే.

అదే దశకంలో పాల్ నర్స్ మధ్యలో చీలి రెండయ్యే మరో ఈస్ట్‌లో సీడీసీ2 అనే జన్యువు మీద పనిచేశాడు. అది చెడితే కణం విభజన చెందకుండా పొడుగ్గా పెరుగుతూ పోతుంది. వీ1 అనే జన్యువు చెడితే ఇంకా సగం సైజులో ఉండగానే తొందరపడి చీలిపోతుంది. అంటే ఒకటి ముందుకు తోసేది, ఇంకొకటి వెనక్కి పట్టి ఉంచేది.

1982లో టిమ్ హంట్ చూసింది ఇంకా సాదా ప్రయోగం. ఫలదీకరణం చేసిన సీ అర్చిన్ గుడ్లన్నీ దాదాపు ఒకేసారి విభజన చెందుతాయి. వాటికి రేడియోధార్మిక మెథియోనిన్ (కొత్త ప్రొటీన్లలో చేరే అమైనో ఆమ్లం) ఇచ్చి, కొద్ది నిమిషాలకోసారి శాంపిల్ తీసి, ప్రొటీన్లను సైజు వారీగా విడదీసే జెల్ మీద నడిపాడు. మిగతా ప్రొటీన్ల పట్టీలన్నీ సమయం గడిచేకొద్దీ ముదురుతూ పోతే, ఒక్క పట్టీ మాత్రం ముదిరి, విభజన సమయానికి మాయమై, మళ్లీ మొదటి నుంచి ముదరడం మొదలుపెట్టింది. అదే సైక్లిన్. కణం తన ప్రొటీన్‌ను తానే పనిగట్టుకుని నాశనం చేసుకుంటూ సమయం లెక్కపెడుతోందన్నమాట.

ఇవన్నీ మనిషికి ఎలా అంటుకుంటాయి? 1987లో మెలనీ లీ, పాల్ నర్స్ కలిసి మనిషి జన్యువుల లైబ్రరీని సీడీసీ2 చెడిన ఈస్ట్‌లోకి ఎక్కించి, వేడిలో బతికి విభజన చెందిన కణాలను ఏరారు. ఆ కణాలను బతికించిన మనిషి జన్యువునే ఇప్పుడు సీడీకే1 అంటున్నాం. సైక్లిన్‌తో జతకడితేనే పనిచేసే ఇలాంటి ఎంజైములే సీడీకేలు. ఎప్పుడో వంద కోట్ల ఏళ్ల నాడు దారులు వేరైపోయిన జీవి నుంచి తెచ్చిన భాగం ఈస్ట్‌లో సరిగ్గా కూర్చుంది. నా లెక్కలో ఈ మొత్తం రంగంలో ముఖ్యమైన ప్రయోగం ఇదే. ఈస్ట్‌లో దొరికినదాన్ని మనిషిలో వెతకడానికి ధైర్యం ఇక్కడి నుంచే వచ్చింది. హార్ట్‌వెల్, హంట్, నర్స్ ముగ్గురికీ కలిపి 2001లో నోబెల్ ఇచ్చారు.

ఇక మందు దాకా దారి. మనిషి కణంలో విభజన మొదలుపెట్టే నిర్ణయం చాలావరకు ఆర్‌బీ అనే ప్రొటీన్ దగ్గర జరుగుతుంది. ఇది పిల్లల కంటి కణితి రెటినోబ్లాస్టోమా నుంచి దొరికింది. 1971లో ఆల్‌ఫ్రెడ్ నుడ్సన్ ఆ కణితికి రెండు దెబ్బలు, అంటే జన్యువు రెండు కాపీలూ చెడటం, కావాలని లెక్కగట్టి చెప్పాడు, 1986లో జన్యువు చేతికొచ్చింది. ఆర్‌బీ మామూలుగా, డీఎన్ఏ కాపీకి కావలసిన జన్యువులను పనిచేయించే ఈ2ఎఫ్ అనే కారకాన్ని పట్టుకుని కూర్చుంటుంది. సైక్లిన్ డి ప్రొటీన్ సీడీకే4, సీడీకే6లతో జతకట్టి ఆర్‌బీకి ఫాస్ఫేట్లు తగిలిస్తే ఆ పట్టు వదులవుతుంది, కణం డీఎన్ఏ కాపీ చేయడానికి బయలుదేరుతుంది. రొమ్ము క్యాన్సర్లలో చాలావాటిలో సైక్లిన్ డి1 మోతాదు మించి ఉంటుంది. పాల్బోసిక్లిబ్ రకం మందులు సీడీకే4, 6లను మాత్రమే అడ్డుకుంటాయి.

ఇక్కడ "మాత్రమే" అన్నదే కీలకం. అంతకుముందు ఫ్లేవోపిరిడాల్ లాంటి మందులు సీడీకేలన్నిటినీ కలిపి కొట్టాయి. విషప్రభావం ఎక్కువైంది, కణితుల మీద ఫలితం తక్కువైంది. ఏ సీడీకే ఏ దశకు అవసరమో విడివిడిగా తెలిశాకే గురి కుదిరింది. పాల్బోసిక్లిబ్‌కు 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది. మామూలు మోతాదు రోజుకు 125 మిల్లీగ్రాములు, 21 రోజులు వేసుకుని 7 రోజులు విరామం. తెల్లకణాలు దీనితో కూడా పడిపోతాయి. కానీ మందు మజ్జ కణాలను చంపదు, ఆపి ఉంచుతుంది కాబట్టి విరామంలో చాలావరకు కోలుకుంటాయి. ఒక షరతు ఉంది: కణితిలో ఆర్‌బీ మిగిలి ఉండాలి. ఆర్‌బీయే పోయిన కణంలో సీడీకే4ను ఆపినా ప్రయోజనం లేదు, ఎందుకంటే అది వదిలించాల్సిన పట్టే అక్కడ లేదు. మందు పనిచేయడం మానేసిన కొందరు రోగుల కణితుల్లో ఆర్‌బీ జన్యువు చెడిపోయి కనిపించింది కూడా. ఇలాంటివి ముందే ఊహించగలగడమే ప్రాథమిక పరిశోధన ఇచ్చిన లాభం.

ప్రాథమిక జ్ఞానం ఉంటే చాలు, మందు దానంతటదే వస్తుందని మాత్రం అనుకోకండి. మైటోసిస్‌కు, అంటే కణం తన క్రోమోజోములను రెండుగా పంచే దశకు, మాత్రమే అవసరమైన ప్రొటీన్లు చాలానే దొరికాయి: ఆరోరా కైనేజ్‌లు, పీఎల్‌కే1, కండెను (క్రోమోజోములను చెరోవైపు లాగే తంతువుల అమరికను) రెండు ధ్రువాలుగా విడదీసే మోటార్ ప్రొటీన్ కేఐఎఫ్11. వీటిని అడ్డుకుంటే పాక్లిటాక్సెల్ అనే పాత కీమో మందు కన్నా శుభ్రంగా పనిచేస్తుందని అంతా అనుకున్నారు. పాక్లిటాక్సెల్ కండె తంతువులైన మైక్రోట్యూబ్యూల్స్‌ను గట్టిపరుస్తుంది. నరాల కణాల పొడవాటి తోకల్లో కూడా అవే మైక్రోట్యూబ్యూల్స్ ఉంటాయి గనుక చేతులు, పాదాలు తిమ్మిరెక్కుతాయి. కేఐఎఫ్11 మందులతో ఆ తిమ్మిరి బెడద పెద్దగా లేదు. మజ్జ మాత్రం దెబ్బతింది, గట్టి కణితుల్లో ఆశించిన ఫలితమూ రాలేదు. కారణం పైన చెప్పిందే: రోగి కణితిలో ఏ క్షణాన చూసినా మైటోసిస్‌లో ఉన్న కణాలు కొద్దిగానే ఉంటాయి. ఆ కొద్దిపాటి వాటినే కొట్టే మందు ఒంట్లో ఉన్న కాసేపట్లో పట్టుకోగలిగేది తక్కువ.

మరి పాక్లిటాక్సెల్ ఎలా పనిచేస్తోంది? కణాలను మైటోసిస్‌లో ఇరికించి చంపుతుందని చాలాకాలం పాఠాల్లో చెప్పారు. అది డిష్‌లో ఎక్కువ మోతాదు పోసినప్పుడు నిజం. 2014లో రొమ్ము క్యాన్సర్ రోగుల కణితుల్లో నిజంగా చేరే మోతాదు కొలిచి చూస్తే, కణాలు ఇరుక్కోవడం లేదని, కండెకు రెండు ధ్రువాల బదులు మూడో నాలుగో ఏర్పడి క్రోమోజోములు అడ్డదిడ్డంగా పంచుకుంటున్నాయని తేలింది. మోతాదు మారితే మందు పనిచేసే తీరే మారిపోతుంది. ప్రాజెక్టులో పాక్లిటాక్సెల్ వాడాలనుకుంటే, మైక్రోమోలార్లలో పోసి వచ్చిన ఫలితాన్ని రోగికి అన్వయించకండి. నానోమోలార్లలో కొన్ని మోతాదులు తీసుకుని ఒక వరుస చూడండి.

క్రోమోజోములు పంచుకోవడంలో వచ్చే తప్పులు క్యాన్సర్ దగ్గరే ఆగవు. మనిషి కణంలో 46 క్రోమోజోములు. విభజనకు ముందు ఒక్కోటి రెండు పేటలు, ఒక్కో పేటకు కండె తంతువులు పట్టుకునే ఒక్కో కైనెటోకోర్, మొత్తం 92. వీటిలో ఒక్కటి పట్టు దొరకక మిగిలిపోయినా కణం విడిపోవడాన్ని వాయిదా వేస్తుంది. ఈ కాపలా ప్రొటీన్లను 1991లో ఈస్ట్‌లోనే పట్టుకున్నారు, మ్యాడ్, బబ్ అని పేర్లు పెట్టారు. అన్నీ అతుక్కున్నాయని తేలాక సెపరేస్ అనే ఎంజైము రెండు పేటలను కలిపి ఉంచే కొహీసిన్ రింగును తెంచుతుంది.

ఈ భాగాల్లో ఒక్కోటి పుట్టుకతో చెడితే ఒక్కో జబ్బు. బబ్1బి జన్యువు రెండు కాపీలూ చెడిన పిల్లల్లో ఒక్కో కణంలో ఒక్కో లెక్కన క్రోమోజోములుంటాయి, చిన్నతనంలోనే కణితులు వస్తాయి. కొహీసిన్‌ను డీఎన్ఏ మీదికి ఎక్కించే ఎన్ఐపీబీఎల్ చెడితే కార్నీలియా డి లాంగ్ సిండ్రోమ్. కండె ధ్రువాల దగ్గర పనిచేసే ఏఎస్‌పీఎం చెడితే మెదడు చిన్నదిగా పుడుతుంది, ఎందుకంటే గర్భంలో మెదడు కణాలకు మూలమైన కణాలు సరిపడా సంఖ్యకు చేరేలోపే విభజన గాడి తప్పుతుంది. డౌన్ సిండ్రోమ్‌లో అదనపు 21వ క్రోమోజోమును 1959లో చూశారు. అది ఎక్కువసార్లు తల్లి అండం మియోసిస్‌లో, అంటే క్రోమోజోములను సగానికి తగ్గించే విభజనలో, జరిగే పొరపాటు. అండాలు తల్లి పుట్టకముందే విభజన మొదలుపెట్టి దశాబ్దాల పాటు మధ్యలో ఆగి ఉంటాయి. ఎలుకల్లో చేసిన పనుల ప్రకారం అప్పుడు వేసిన కొహీసిన్ తర్వాత కొత్తగా చేరదు. వయసు పెరిగేకొద్దీ ఆ బిగింపు సడలుతుంది.

రోగ నిర్ధారణ దగ్గర కూడా ఇదే జ్ఞానం రోజూ నడుస్తోంది. పాథాలజిస్టు కణితి ముక్కలో మైటోసిస్‌లు లెక్కపెట్టి గ్రేడు ఇస్తాడు. ఇందులో చాలామంది పట్టించుకోని సంగతి: కోసిన ముక్క ఫార్మలిన్‌లో పడేదాకా కణాలు బతికే ఉంటాయి. మొదలుపెట్టిన విభజన పూర్తి చేసుకుంటాయి, కొత్తగా మొదలుపెట్టేవి తగ్గిపోతాయి. ఆలస్యమయ్యేకొద్దీ లెక్క తగ్గి, గ్రేడు తక్కువగా పడే ప్రమాదం ఉంది. కుంచించుకుపోయి నల్లబడిన చచ్చిన కేంద్రకాన్ని మైటోసిస్‌గా లెక్కపెట్టడం దీనికి ఎదురు తప్పు. పాథాలజీ రిపోర్టులో కనిపించే కేఐ-67 అనే ప్రొటీన్ శాతం గురించి కూడా ఒక మాట: అది విభజన చక్రంలో ఎన్ని కణాలున్నాయో చెబుతుంది. ఆ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పదు.

ఇప్పుడు ప్రాజెక్టు. ప్రాథమిక పరిశోధనకూ జబ్బుకూ మధ్య సూటిగా నిలిచే పని కావాలంటే క్యారియోటైపింగ్, అంటే కణంలోని క్రోమోజోములను స్లైడు మీద పరచి లెక్కపెట్టి చూడటం, నేర్చుకోవడం మంచిది. రక్తం హెపారిన్ ట్యూబులో తీసుకోవాలి, ఈడీటీఏ ట్యూబులో తీస్తే కణాలు సరిగ్గా పెరగవు. అర మిల్లీలీటరు రక్తాన్ని, సీరం కలిపిన 5 మిల్లీలీటర్ల ఆర్‌పీఎంఐ మీడియంలో, ఫైటోహీమగ్లుటినిన్ చేర్చి 37 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచుతారు. ఆ ఫైటోహీమగ్లుటినిన్ లేకపోతే లింఫోసైట్లు విభజన జోలికే పోవు. చివర్లో కోల్సెమిడ్, మిల్లీలీటరుకు 0.1 మైక్రోగ్రాము చొప్పున, అరగంట నుంచి ముప్పావుగంట. ఇది కండెను కరిగించి కణాలను మెటాఫేజ్ దగ్గర, అంటే క్రోమోజోములు విడిపోవడానికి ముందు, నిలబెడుతుంది. తర్వాత కణాలను ఉబ్బించడానికి 0.075 మోలార్ పొటాషియం క్లోరైడ్, అంటే లీటరుకు 5.6 గ్రాములు, ముందే 37 డిగ్రీలకు వేడిచేసినది, 15 నుంచి 20 నిమిషాలు. ఆపై మూడు వంతుల మిథనాల్, ఒక వంతు అసిటిక్ ఆమ్లం, అప్పటికప్పుడు కలిపినది. మొదటి కొన్ని చుక్కలు ట్యూబు కదుపుతూ వేయాలి. ఒక్కసారిగా పోస్తే కణాలు ముద్దకట్టి, ఆ ట్యూబు ఇక దేనికీ పనికిరాదు.

చెడేది ఎక్కువగా రెండు చోట్ల. కోల్సెమిడ్ ఎక్కువసేపు ఉంటే క్రోమోజోములు కుదించుకుపోయి పొట్టిగా, లావుగా తయారవుతాయి, పట్టీలు చదవలేరు. పొటాషియం క్లోరైడ్ తక్కువసేపైతే క్రోమోజోములు విడివడక ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ఎక్కువసేపైతే కణం స్లైడు మీద పడకముందే పగిలి, 46 ఉండాల్సిన చోట 44, 45 కనిపిస్తాయి. దీన్ని జబ్బుగా పొరబడతారు. తేడా పట్టుకోవడం సులువే: తయారీ తప్పయితే ఒక్కో కణంలో ఒక్కో క్రోమోజోము తప్పిపోతుంది. నిజమైన లోపమైతే చాలా కణాల్లో అదే క్రోమోజోము ఉండదు. అందుకే మామూలుగా 20 మెటాఫేజ్‌లు చూస్తారు.

కల్చర్ కణాలతో విభజన దశలు చూడాలనుకుంటే సింక్రనైజ్ చేయాలి, అంటే అన్నిటినీ ఒకే దశకు తేవాలి. మామూలు కల్చర్‌లో మైటోసిస్‌లో ఉండేవి నూటికి రెండు నుంచి ఐదు. రెండు దారులు ఎక్కువగా వాడతారు. ఒకటి, 2 మిల్లీమోలార్ థైమిడిన్ 16 నుంచి 18 గంటలు, కడిగి 9 గంటలు వదిలి, మళ్లీ 16 గంటలు. ఇది డీఎన్ఏ కాపీ మొదలయ్యే చోట ఆపుతుంది. రెండోది, కండెను కరిగించే నోకోడజోల్, మిల్లీలీటరుకు 100 నానోగ్రాములు, 12 నుంచి 16 గంటలు. మైటోసిస్‌లో కణం గుండ్రమై అడుగు నుంచి పట్టు వదులుతుంది కాబట్టి ఫ్లాస్కును గట్టిగా తట్టి తేలినవాటిని ఏరుకోవచ్చు.

నోకోడజోల్‌లో ఎక్కువ గంటలు వదిలేస్తే ఒక వల ఉంది. పైన చెప్పిన మ్యాడ్, బబ్ కాపలా ఎప్పటికీ నిలవదు. కొన్ని కణాలు విడిపోకుండానే మైటోసిస్ నుంచి జారిపోయి, రెట్టింపు డీఎన్ఏతో మొదటి దశకు వచ్చేస్తాయి. ప్రొపిడియం అయోడైడ్ అనే డీఎన్ఏ రంగుతో ఫ్లో సైటోమెట్రీ (ఒక్కో కణంలో ఎంత డీఎన్ఏ ఉందో కొలవడం) చేస్తే అవి కూడా రెట్టింపు డీఎన్ఏ శిఖరంలోనే పడతాయి, "మైటోసిస్‌లో ఆగాయి" అని రాసేస్తారు. డీఎన్ఏ మోతాదు ఒక్కదానితో మైటోసిస్‌ను గుర్తించలేరు. మైటోసిస్‌కు గుర్తు అయిన హిస్టోన్ హెచ్3 సెరీన్ 10 ఫాస్ఫేట్‌కు యాంటీబాడీ కూడా వేయండి. అతుక్కున్న రెండు మామూలు కణాలు కూడా ఆ శిఖరంలోనే పడతాయి, కాబట్టి పల్స్ వెడల్పు చూసి జంటలను తీసేయాలి. ఫిక్స్ చేసేటప్పుడు చల్లటి 70 శాతం ఇథనాల్‌ను వర్టెక్స్ మీద చుక్కచుక్కగా వేస్తే జంటలు తగ్గుతాయి. ప్రొపిడియం అయోడైడ్ ఆర్ఎన్ఏకి కూడా అంటుకుంటుంది, ఆర్ఎన్ఏస్ వేయడం మరిస్తే శిఖరాలు వెడల్పైపోతాయి.

లైవ్ ఇమేజింగ్ ఆలోచన ఉంటే లేజరు తక్కువ పెట్టండి, మూడు నుంచి ఐదు నిమిషాలకొక బొమ్మ చాలు. ఎక్కువ వెలుతురు తగిలితే కణం దెబ్బతిని మైటోసిస్ సాగదీస్తుంది, మీరు మందు ప్రభావం అనుకుంటారు. మందు లేని కణాలను అదే వెలుతురులో తప్పకుండా చూడాలి.

ఏ కణాలు తీసుకోవాలన్నది చివరి మాట, కానీ ముందే తేల్చుకోవాల్సినది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి వచ్చిన హీలా కణాలు పెంచడం సులువు, పేపర్లు బోలెడు. కానీ వాటిలో క్రోమోజోములు 46 కాదు, 70కి పైమాటే. పాపిలోమా వైరస్ ఈ6 ప్రొటీన్ వల్ల, దెబ్బతిన్న కణాన్ని ఆపే పి53 అనే ప్రొటీన్ ఉన్నా లేనట్టే. మనిషి కంటి రెటీనా నుంచి తెచ్చిన, క్యాన్సర్ కాని ఆర్‌పీఈ1 కణాల్లో పి53 మామూలుగా పనిచేస్తుంది, క్రోమోజోముల లెక్క దాదాపు సరిగ్గా ఉంటుంది. ఈ కణాలు మైటోసిస్‌లో గంటన్నర దాటి ఇరుక్కుంటే, తర్వాత సరిగ్గానే విడిపోయినా పిల్ల కణాలు విభజన మానేస్తాయి. హీలాలో ఇది కనిపించదు. మీ మందు "విభజనను ఆలస్యం చేసింది, కానీ ఇబ్బంది లేదు" అని హీలాలో తేలితే, అదే మందు ఆర్‌పీఈ1లో కణాల పెరుగుదలను పూర్తిగా ఆపేయవచ్చు. వీలైతే రెండింట్లోనూ ఒకే మోతాదు, ఒకే గంటలు పెట్టి చూడండి. ఒక్కదానికే సమయం ఉంటే ఆర్‌పీఈ1 తీసుకోండి, పాసేజ్ సంఖ్యను (కణాలను ఎన్నిసార్లు కొత్త ఫ్లాస్కులోకి మార్చారో ఆ లెక్కను) ప్రతి ఫలితం పక్కన రాసి పెట్టుకోండి.